తుప్పు పట్టిన సగం

ఇంకా మెరవాలట. తళతళ మెరిస్తేనే అతుకు పెట్టే ఇత్తడి ఇనుముని పట్టుకుంటుందట, లేకపోతే పైపైన కూర్చుని నాలుగు రోజుల్లో ఊడి చేతికొస్తుందట. ఆ మాట చెప్పి రాఘవేందర్ అవతల ఎవరిదో గేటు పనిలో పడ్డాడు. అశోక్‌నగర్ సందులో ఈ రేకుల వెల్డింగు షెడ్డు, ఈ గ్యాసు సిలిండర్లు, నేను కూర్చున్న ఈ కుంటి స్టూలు అన్నీ అతనివే. "సార్, మీరు ఖాళీగనే ఉన్నరు గదా, గీ రెండు ముక్కలు జర రుద్దుండ్రి, నాకు గా గేటు అయిపోతది" అని ఎమరీ పేపరు నా చేతిలో పెట్టాడు. ఖాళీగానే ఉన్నాను, కాదనను. ఒక చేతిలో ఎమరీ పేపరు, రెండో చేతిలో అన్నయ్య కారు మడత గుడ్డ టాపు ఫ్రేములోంచి ఊడదీసిన ఇనప పట్టీ ముక్క, దాని జతముక్క ఒళ్ళో కాగితం మీద. బయట గోడవారన కారు బోడినెత్తితో నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, అరవై ఎనిమిదిలో ఎవరో నవాబుగారి వారసుల దగ్గర కొన్న ఇంగ్లీషు స్పోర్ట్సు కారు. చిక్కడపల్లిలో అడ్వకేటు కాశీవిశ్వనాథం గారంటే అందరికీ ఆ కారే గుర్తొస్తుంది, ఆయన తమ్ముడు వీరరాఘవరావంటే ఎవరికీ ఏమీ గుర్తు రాదు. పొద్దున అన్నయ్యే నడుపుకొచ్చి ఇక్కడ వదిలి ఆటోలో కోర్టుకి వెళ్ళాడు. వెళ్తూ, "పదకొండుకి ఈదయ్య వస్తాడు. పట్టీ అతికాక మీరిద్దరూ చెరోపక్కా పట్టుకుని టాపు ఎత్తి చూడండి. ఒక్కడివే మాత్రం ముట్టుకోకు" అన్నాడు. ఒక్కడివే ముట్టుకోకు అని నాతో అన్నాడు, మామూలుగా అన్నాడు, మనసులో ఏమీ లేకుండా అన్నాడు, ఏమైనా ఉంచుకుని అన్నా బావుండేది.

రుద్దే ముందు కిరసనాయిలు గుడ్డతో తుడవమన్నాడు, తుడిచాను. గ్రీజు వేలు దిగేంత మందంగా ఉంది. అన్నయ్య పాత డ్రైవరు ఈదయ్య పూసిన గ్రీజు. అది వదిలాక విరిగిన చోటు బయటపడింది, చిటికెన వేలి గోరంత ఉంటుందేమో, ఆ కాస్తలోనే రెండు రంగులు. సగం గోధుమ రంగు తుప్పు, సగం అప్పుడే కోసిన ఇనుములా తెలుపు, మధ్యలో ఎవరో గీత గీసినట్టు. నాకు ఇనుము సంగతి ఏం తెలుసు, ఇన్సూరెన్సు ఆఫీసులో ఫైళ్ళు చూసేవాణ్ణి. అయినా చదివేశాను, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా చదివేశాను. తుప్పు పట్టిన సగం ముందు పగిలింది. పగిలి, వాన నీళ్ళు తాగి, పన్నెండు రోజులు నోరు మూసుకుని కూర్చుంది. తెల్లటి సగం ఆ తర్వాత విరిగింది, విరిగిన నిమిషంలోనే గ్రీజు పడింది కనక తెల్లగానే ఉండిపోయింది. తెల్లటిది ఈదయ్యది. తుప్పు నాది. ఈ ముక్క తీసుకెళ్ళి ఆయన అరచేతిలో పెట్టి ఇదిగో చూడు అంటే చాలు, ఇంకో మాట అక్కర్లేదు, మూడు నెలలుగా ఆయన మోస్తున్న బరువు దిగిపోతుంది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. నేను తెల్లటి వైపు రుద్దటం మొదలుపెట్టాను. అక్కడ రుద్దటానికి ఏమీ లేదు, ఎప్పుడో మెరుస్తూనే ఉంది, అయినా అక్కడే రుద్దుతున్నాను, ఎంత పనిమంతుణ్ణో.

ఆగస్టులో అన్నయ్యా వదినా బెజవాడ వెళ్ళారు, ఏదో భూమి కేసు, పన్నెండు రోజులు. డ్రైవరుకేం పని అని ఈదయ్యని మహబూబ్‌నగర్ అవతల వాళ్ళ ఊరికి పంపించారు. తాళంచెవి క్యాలెండరు వెనక మేకుకి వేలాడుతోంది. ఇరవయ్యేళ్ళప్పుడు ఒకసారి గేటుకి రాసేశానని అన్నయ్య మళ్ళీ నన్ను ఆ స్టీరింగు దగ్గరికి రానివ్వలేదు, రానివ్వలేదంటే తిట్టలేదు, కొట్టలేదు, ఊరికే మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, నెత్తిన జుట్టు లేదు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను, సిగ్గు లేకుండా అద్దంలో చూసుకున్నాను. హిమాయత్‌నగర్‌లో మా ఆఫీసు ముందు నుంచి ఒక్కసారి పోవాలి, ఎవరైనా చూడాలి, అంతకన్నా పెద్ద కోరికేమీ లేదు. చూశారు కూడా. టైపిస్టు సరిత మెట్ల మీద నుంచి చెయ్యి ఊపింది. ఆ చెయ్యి ఊపటానికే అనుకుంటాను ఇదంతా. తిరిగొస్తుంటే నారాయణగూడ చౌరస్తాలో వాన పట్టుకుంది, చినుకూ గినుకూ లేదు, ఒక్కసారే కుండపోత. బండి పక్కకి ఆపాను. ఆ టాపు ఇద్దరు ఎత్తాలి. అటొకరు ఇటొకరు నిలబడి ఒకేసారి ఒకే ఎత్తున లేపాలి, లేకపోతే ఫ్రేము మెలిపడుతుంది. నాకు తెలియక కాదు, పదకొండేళ్ళుగా అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఎడమ పక్క ఈదయ్య, కుడి పక్క అన్నయ్య. ఈదయ్య "లేపనా పెద్దసారూ" అంటాడు, అన్నయ్య "ఊ" అంటాడు, నాలుగు చేతులూ కలిసి లేస్తాయి. బస్టాపులో పదిమంది గొడుగుల కింద నిలబడి నన్నే చూస్తున్నారు, బాబూ కాస్త పట్టు అంటే ఎవడైనా వచ్చేవాడు. అంటే నాకు రాదని తెలిసిపోతుంది. కుడిపక్క నిలబడి ఒక్కణ్ణే లాగాను. ఎడమ పక్క బిగుసుకుంది. ఇంకా లాగాను. టక్ మంది. చెరుకు ముక్క కొరికినంత చప్పుడు, అంతే, ఆ వానలో నాకు తప్ప ఎవరికీ వినపడదు. టాపు లేచింది, కాస్త వంకరగా లేచింది. ఏమీ కాలేదనుకున్నాను. కాదు, అనుకోలేదు, అనుకున్నట్టు మొహం పెట్టాను, ఎవరి కోసమో తెలియదు. ఇంటికొచ్చి టాపు మెల్లిగా మడిచి, సీట్లు తుడిచి, టైర్ల బురద కడిగి, పైన కవరు కప్పి, తాళంచెవి మేకుకి తగిలించి, క్యాలెండరు సరిగ్గా సర్దాను. జీవితంలో ఏ పనీ నేనంత శుభ్రంగా చేయలేదు.

సందులోంచి పరీక్షలకి చదివే పిల్లలు పోతున్నారు, చంకలో లావుపాటి పుస్తకాలు, ఒకడు గోదావరి ఉపనదులు పైకి చదువుకుంటూ పోతున్నాడు, మంజీర, మానేరు, ప్రాణహిత. ఇంద్రావతి మర్చిపోయాడు, వెనక్కి పిలిచి చెప్పనా. ఎవరి తప్పులైనా ఇట్టే పట్టేస్తాను నేను. పదీ ఇరవై అయిదు. ఈదయ్య అంబర్‌పేటలో బస్సెక్కి ఉంటాడు. ఆయన ఇప్పుడు వస్తే బావుండు. ఈ తుప్పు నా చేతిలో ఉండగా వచ్చి గుమ్మంలో నిలబడితే, నేనేం చెప్పక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. త్వరగా బస్సు దొరికితే ఆయన అదృష్టం, దొరక్కపోతే నేనేం చేసేది. ఇదిగో, ఇలా ఆలోచిస్తాను నేను. నేను చెప్పాల్సిన మాట ఆర్టీసీ బస్సు మీద పెట్టాను. ఇనుము వేడెక్కింది వేళ్ళ కింద, ఎమరీ పేపరు అరిగి నల్లగా అయింది, కొత్త ముక్క చింపాను. ఎంతసేపు తెల్లటి వైపే రుద్దుతాను, రాఘవేందర్ ఒకసారి తలెత్తి చూశాడు. గీత దగ్గర రుద్దాను. గీత దాటి కొంచెం. పూర్తిగా కాదు, అంచున. తుప్పు పొడి గోధుమపిండిలా ఒళ్ళో కాగితం మీద రాలింది, ఊదితే పోయింది.

ఆ రోజు పొద్దున నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అన్నయ్య ముందురోజే వచ్చాడు, ఈదయ్య కూడా ఊరి నుంచి జొన్నలు తెచ్చి వంటింట్లో పెట్టాడు. ముసురుగా ఉంది, కోర్టుకి టాపు వేసుకుని వెళ్దామన్నాడు అన్నయ్య. ఇద్దరూ చెరోపక్కా నిలబడ్డారు. అరవచ్చు కదా అప్పుడు. ఆగండి అనటానికి ఎంతసేపు పడుతుంది. నేను కాఫీ చప్పరించాను. "లేపనా పెద్దసారూ." "ఊ." సగం లేవగానే ఎడమ పక్క పట్టీ తెగి టాపు ఈదయ్య వైపు కూలబడింది. ఈదయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చేతులనే ఇరిగింది పెద్దసారూ. ఎట్ల ఇరిగిందో తెల్వకపాయె. నేను మెల్లగనే లేపిన" అన్నాడు. అన్నయ్య కోర్టు మనిషి, అందుకని అడగాల్సింది అడిగాడు. నా వైపు తిరిగి, "మేము లేనప్పుడు బండి ఎవరైనా తీశారా?" అన్నాడు. "లేదన్నయ్యా" అన్నాను. గొంతు తడబడలేదు. తడబడితే ఆయన పట్టుకునేవాడు, కానీ నేను చాలా బాగా చెప్పాను, ఈదయ్య ఇంకా తల దించుకున్నాడు. అన్నయ్య ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ఇనుము కదా ఈదయ్యా, ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది" అన్నాడు. ఆ దయే ఈదయ్యని చంపేసింది. విరిగిన కొసలకి తుప్పు పట్టకూడదని అప్పటికప్పుడు గ్రీజు డబ్బా తెచ్చి అదుమి అదుమి పూశాడు, పాత పంచె చింపి కట్టు కట్టాడు, చిన్నపిల్లాడి దెబ్బకి కట్టినట్టు. చూసి ఉంటే అప్పుడే కనపడేది ఆ తుప్పు. కళ్ళు నిండా నీళ్ళు పెట్టుకున్న మనిషి ఏం చూస్తాడు.

వారం తిరక్కుండా పని మానేశాడు. అన్నయ్య ఎంత చెప్పినా వినలేదు. మొన్న ఆదివారం, నువ్వెళ్ళి పిలిస్తే కాదనడు అని అన్నయ్య నన్నే పంపించాడు, లోకంలో ఇంకెవరూ లేనట్టు. అంబర్‌పేట బస్తీలో ఇల్లు పట్టుకోవటానికి గంట పట్టింది. ఈదయ్య లేడు, భార్య కిష్టమ్మ ఉంది. ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టింది. నేను ఆయనకి ఎక్కడైనా డ్రైవరు పని దొరికిందా అని అడిగాను. "ఏడ దొర్కుతది సారూ, దొరికినా చెయ్యడు. నా చేతులల్ల పట్టు వోయింది అంటడు. స్టీరింగు ముట్టనంటడు. ఎవరి పిల్లలనన్న ఎక్కించుకుని గుద్దితె ఎట్ల అంటడు. కొత్త బిల్డింగుల కాడ ఇసుక మోస్తుండు. అన్నం కలుపుకునేటప్పుడు గుడ చేతుల దిక్కే జూస్తడు" అంది. ఆవిడ నన్ను నిందించలేదు, ఇంకెవర్నీ నిందించలేదు. మా ఇంటి మంచితనం గురించి చెప్పింది, పెద్దసారు ఒక్క మాట గుడ అనలేదని పదిసార్లు చెప్పింది, టీ ఇచ్చింది, తాగాను. యాభై అయిదేళ్ళ మనిషి ఇసుక తట్టలు మోస్తుంటే నేను అక్కడ కూర్చుని టీ తాగాను. సాయంత్రానికి ఈదయ్య వచ్చాడు, మోచేతుల దాకా సిమెంటు. నన్ను చూసి లేచి నిలబడొద్దన్నట్టు చెయ్యి చూపించి, వెంటనే ఆ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఒక్క రోజుకి వస్తానన్నాడు, టాపు బిగించేదాకా మాత్రం వస్తానన్నాడు. అక్కడ చెప్పచ్చు. చెప్పలేదు. దారిలో చెప్పలేదు, బస్టాపు దాకా వచ్చి సాగనంపాడు, అప్పుడూ చెప్పలేదు. బుధవారం చెబుదాం, షెడ్డులో చెబుదాం అనుకున్నాను. ఇదే బుధవారం, ఇదే షెడ్డు.

"అయిందా సార్?" రాఘవేందర్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. పదీ నలభై. ముక్క నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. నేను అతని మొహమే చూస్తున్నాను, నన్ను పట్టుకో, ఇదేంది సార్ రెండు రంగులున్నయి అని అడుగు, అడిగితే చెప్పేస్తాను. కానీ ఎప్పుడు రుద్దానో, ఎంత రుద్దానో, నా చేతులు నాకు చెప్పకుండానే పని కానిచ్చేశాయి. జతముక్క ఎప్పుడో తెల్లబడింది, ఇందులోనూ తుప్పంతా పోయి ఒక మూల మాత్రం ఆవగింజంత మిగిలింది. "మంచిగ రుద్దిండ్రు సార్. గీ మూలకు జర నల్లగున్నది, గిదొక్కటి తీసెయ్యుండ్రి" అని ముక్క మళ్ళీ నాకే ఇచ్చి సిలిండరు తిప్పటానికి వెళ్ళాడు. ఆవగింజంత చాలు. ఈదయ్య కళ్ళు మంచివి, చీకట్లో టైరులో మేకు పట్టుకునే కళ్ళు, ఈ ఆవగింజ చూపిస్తే నమ్ముతాడు. జేబులో వేసుకుని బయటికి నడవచ్చు. ఇరవై నిమిషాలు ఆగమంటే రాఘవేందర్ ఆగుతాడు, ఆగనని అనడు. లేచాను కూడా. బయట ఎవరో దగ్గారు, ఈదయ్యేమో అనుకుని అటు తిరిగాను, ఆయన కాదు, ఎవరో పాలసీసాల మనిషి. ఆయన కాదని తెలియగానే నాకు హాయిగా అనిపించింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు, నాకు హాయిగా అనిపించింది. కూర్చుని ఆ మూల రుద్దాను. అయిదు రుద్దులు పట్టింది.

నీలం మంట ముక్కల మీద నాలిక చాపింది, ఇనుము ఎర్రబడింది, ఇత్తడి కడ్డీ కొస కరిగి తేనెలా పగులులోకి దిగిపోయింది. రాఘవేందర్ మంట ఆపి పట్టీని ఇసుకలో పెట్టాడు. చల్లారాక పైన ఆకురాయి పట్టాడు. "ఎవ్వనికి తెల్వది సార్ ఈడ ఇరిగిందని" అన్నాడు. రివెట్లు కొట్టి పట్టీని ఫ్రేములో బిగిస్తుంటే గుమ్మంలో నీడ పడింది. పదకొండు దాటి అయిదు నిమిషాలు. ఈదయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, మా ఇంట్లో పనిచేసేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కా. "బస్సు దొర్కలే చిన్నసారూ, లేటయింది" అన్నాడు. కారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, ముట్టుకోలేదు. వంగి, అతుకు వంక చూశాడు.

అప్పుడు చెప్పాను. ఇక చూపించటానికి ఏమీ లేదని గట్టిగా తెలిశాక, భయం పోయాక, ఎంత ధైర్యంగా చెప్పానో. "ఈదయ్యా, అది నీ చేతిలో విరగలేదు. నేను విరిచాను. మీరంతా ఊళ్ళో లేనప్పుడు బండి తీశాను, నారాయణగూడలో వాన వస్తే ఒక్కణ్ణే లాగాను, సగం అప్పుడే పగిలింది. నీ చేతిలో మిగిలిన సగం ఊడింది, అంతే. నీ చేతులకి ఏమీ కాలేదు." ఏడుపు వచ్చింది, నిజంగానే వచ్చింది.

ఈదయ్య నా వంక చూశాడు. ఆయన మొహం మెల్లిగా మెత్తబడింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

"కిష్టమ్మ చెప్పింది గదా మీకు" అన్నాడు. "నేను పరేషాన్ అయితున్నని చెప్పింది. నేను గట్ల చెప్పొద్దన్న దానికి."

"కిష్టమ్మ కాదయ్యా, నిజంగా..."

"ఆ దినం పెద్దసారు మిమ్ముల అడిగిండ్రు, బండి తీసిండ్రా అని. మీరు లేదన్నరు. నేను ఆడ్నే ఉన్న, ఇన్న. మీరు అన్నతోని అబద్ధం చెప్పే మనిషా? నాకు ఎర్కలేదా."

"రాఘవేందర్‌ని అడుగు" అన్నాను. "సగం తుప్పు ఉంది. పాత పగులు. అడుగు."

రాఘవేందర్ రివెట్టు మీద సుత్తి ఆపి ఇద్దర్నీ చూశాడు. అతనికేం తెలుసు. "నేనైతె చూడలె అన్నా. సారే రుద్దిండ్రు. అతుకు పెట్టేటాళ్లకు మొత్తం తళతళ మెరుస్తుండె, ఒక్క మచ్చ లేదు" అన్నాడు.

ఈదయ్య రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. "మీ అసుంటోళ్లు ఉండరు చిన్నసారూ. కూలోని తప్పు మీ నెత్తికెత్తుకుంటున్రు. సచ్చేదాంక మర్వ." ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను, ఇసుక పనికి అరచేతులు గరుకెక్కి ఉన్నాయి, ఎంత గట్టి పట్టు ఆ చేతులది, నా వేళ్ళు నొప్పెట్టాయి. పట్టు ఎక్కడికీ పోలేదయ్యా అన్నాను. నవ్వాడు. పిల్లలు చెప్పే మాటకి నవ్వినట్టు నవ్వాడు. సాయంత్రం అన్నయ్యకి చెబుతాను, ఆయన కూడా ఇలాగే నవ్వుతాడు, మా తమ్ముడు ఎంత మంచివాడో అని వదినకి చెబుతాడు.

రాఘవేందర్ ఇక ఎత్తి చూడమన్నాడు. నేను ఎప్పుడూ చూసిన లెక్కనే కుడి పక్కకి నడిచాను. "గటు కాదు సారూ" అని ఈదయ్య అడ్డమొచ్చాడు. "ఇరిగిన దిక్కు మీరు పట్టుండ్రి. మళ్ళ నా చేతులనే పోతె నేను బతుకలేను. మీ చెయ్యి మంచిది." ఎడమ పక్కకి వెళ్ళాను. అతుకు ఇంకా గోరువెచ్చగా ఉంది. ఈదయ్య అన్నయ్య నిలబడే చోట నిలబడి, ఫ్రేముని రెండు వేళ్ళతో మాత్రం పట్టుకున్నాడు, వేడి గిన్నె పట్టుకున్నట్టు.

"లేపనా చిన్నసారూ" అన్నాడు.

ఊ అన్నాను.